వయసు చెప్పేది మట్టే

మట్టిలోంచి పాత వస్తువేదైనా బయటపడితే చూడవచ్చినవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్నేళ్లనాటిది? ఎంత పలుకుతుంది? రెండోదానికి జవాబు చెప్పడానికి కంసాలి ఉన్నాడు, పాత సామాన్లు కొనే వ్యాపారి ఉన్నాడు. చిక్కంతా మొదటి ప్రశ్నతోనే. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వరకు, అక్కణ్ణించి దుమ్ముగూడెం, చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ అడవుల అంచు వరకు ఉన్న నేలలో ఇలాంటి వస్తువులకు కొదవ లేదు. పినపాక వైపు జానంపేటలో ఇనుప యుగపు రాతి సమాధులున్నాయి. విరాటరాజు రాజధాని అని జనం చెప్పుకునే నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపం, బుద్ధ విగ్రహాలు, ఇక్ష్వాకుల, విష్ణుకుండినుల నాణేలు బయటపడ్డాయి. పోడు దున్నినా, చెరువు పూడిక తీసినా, ఇంటికి పునాది తవ్వినా ఏదో ఒకటి పైకి వస్తూనే ఉంటుంది. ఇప్పుడు కొన్ని వేల రూపాయలు పెడితే మెటల్ డిటెక్టర్ ఇంటికే వస్తోంది. లంకెబిందెల మీద ఆశ మనకు కొత్తది కాదు, ఈ యంత్రం ఆ ఆశకు చెవులు తెచ్చిపెట్టింది. దాని గురించి నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పాత వస్తువు వయసు చాలావరకు అది పడివున్న చోటులో ఉంటుంది. ఆ చోటు నుంచి వస్తువును పెకలించిన మరుక్షణం దాని వయసు తెలుసుకునే దారి మూసుకుపోతుంది. డిటెక్టర్ పట్టుకుని తవ్వేవాడు వస్తువును సంపాదిస్తాడు, దాని కాలాన్ని పోగొడతాడు.

ముందుగా ఇనుము సంగతి చూద్దాం, ఈ అడవుల్లో డిటెక్టర్ ఎక్కువగా కూసేది దానికే కనుక. ఒక బాణపు ములుకు దొరికిందనుకోండి. రెండున్నర వేల ఏళ్ల కిందట రాతి సమాధిలో చనిపోయినవాడి పక్కన పెట్టిన ములుకు కావచ్చు. వందేళ్ల కిందట కోయ వేటగాడి కోసం ఊరి కమ్మరి సాగగొట్టిందీ కావచ్చు. రెండిటి పనీ ఒకటే, అందుకే రూపమూ దాదాపు ఒకటే. కొడవలి, ఉలి, గొడ్డలి, మేకు అన్నీ అంతే. పనికొచ్చే ఆకారం ఒకసారి కుదిరాక కమ్మరి దాన్ని తరతరాలుగా మార్చడు. దుమ్ముగూడెం దగ్గర ఒక పెద్ద ఇనుప మేకు దొరికితే లెక్క మరీ చిక్కుపడుతుంది. గోదావరిలో పడవలు నడపాలన్న ఆర్థర్ కాటన్ పథకం కింద అక్కడ ఆనకట్ట, లాకులు కట్టి, 1871లో ఆ పనులు వదిలేశారు. ఆ పనివాళ్ల ఇనుప సామాను అక్కడి మట్టిలో ఉండిపోవడంలో వింత లేదు. తుప్పు ఎంత పడితే అంత పాతదని చాలామంది నమ్మకం. తుప్పు గడియారం కాదు. నీరు నిలిచే నల్లరేగడిలో ఇరవై ఏళ్లకే పొరలు పొరలుగా రాలిపోయే ఇనుము, పొడి మట్టితో పూడిన సమాధి గదిలో వేల ఏళ్లు నిలుస్తుంది. మినహాయింపులు లేకపోలేదు. అడ్డదిడ్డంగా ఇనుప పట్టీలు బిగించిన చదును గొడ్డలి ఇనుప యుగ సమాధుల ప్రత్యేకత, చూడగానే గుర్తుపట్టొచ్చు. కానీ అలాంటివి అరుదు. అవి ఆ కాలానివని మనకు తెలిసిందీ సమాధుల్లో, మిగతా వస్తువుల మధ్య దొరకడం వల్లే.

ఆ మిగతా వస్తువులేమిటన్నదే అసలు విషయం. సమాధి పక్కన నేల మీద తరచూ కనబడే ఒక కుండపెంకును చేతిలోకి తీసుకోండి. లోపలి వైపు, మూతి అంచు నల్లగా నిగనిగలాడుతుంటాయి. బయట అడుగు భాగం ఎర్రగా ఉంటుంది. పెంకు విరిగిన అంచులో ఆ రెండు రంగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కనిపిస్తాయి. గాలి అందిన మేర మట్టి ఎర్రబారింది, గాలి అందక పొగలో ఉన్న మేర నల్లబడింది. ఈ నలుపు ఎరుపు కుండలు ఇనుప యుగానికి దాదాపు చిరునామా. పైగా కాల్చిన మట్టి తనలో ఒక లెక్క దాచుకుంటుంది. చివరిసారి కాలిన తర్వాత ఎంత కాలం గడిచిందో ప్రయోగశాలలో కొలవొచ్చు. పక్కనే ఉన్న చిటికెడు బొగ్గులో కార్బన్-14 ఉంటుంది. అది 5,730 ఏళ్లకోసారి సగమవుతుంది కాబట్టి ఆ చెట్టు ఎప్పుడు చచ్చిందో చెప్పగలం. పెంకు, బొగ్గు, ఎముక, గింజ, పూస. కాలం చెప్పగల సాక్షులు ఇవి. మెటల్ డిటెక్టర్‌కు వీటిలో ఒక్కటీ కనబడదు. అది వెతికేది లోహాన్ని, అంటే ఆ గుంతలో తన వయసు తాను చెప్పుకోలేని వస్తువును. దాన్ని అందుకోవడం కోసం తవ్వేవాడు సాక్షులందర్నీ పారతో ఎత్తి పక్కన పోస్తాడు.

ప్రయోగశాలకు పంపితే ఇనుము వయసు కూడా తేల్చలేరా అని అడగొచ్చు. బొగ్గుతో కరిగించిన ఇనుములో కాస్త కర్బనం ఉంటుంది కనుక కొన్నిసార్లు వీలవుతుంది. అందుకు వస్తువులో కొంత భాగాన్ని నాశనం చేయాలి, తుప్పు పట్టినదైతే ఫలితం మీద నమ్మకమూ తక్కువే. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం శివగళైలో ఇనుము క్రీ.పూ. 3345 నాటికే ఉందని ప్రకటించినప్పుడు ప్రపంచమంతా అటు తిరిగి చూసింది. ఆ తేదీ ఇచ్చినవి ఇనుముతో పాటు దొరికిన బొగ్గు, కుండపెంకుల లాంటివి. ఆ తేదీని ఒప్పుకోనివాళ్లు కూడా బొగ్గుకూ ఇనుముకూ ఉన్న పొత్తు ఎంత గట్టిది, రెండూ ఒకే పొరలో ఒకేసారి చేరాయా అనే అడుగుతారు. వాదమంతా చోటు గురించే. ఆ ఇనుప ముక్కను ఎవరో డిటెక్టర్‌తో తవ్వి సంచిలో వేసుకుని ఉంటే అసలు వాదానికే తావుండేది కాదు.

నిపుణుడు రూపం చూసి చెప్పేస్తాడు కదా అన్నది మరో మాట. దానికి మన గోదావరి ఒడ్డునే ఒక పాఠం ఉంది. సర్వేలో పనిచేసిన ముల్‌హెరాన్ ఈ అడవుల్లోని రాతి సమాధుల గురించి 1868లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీకి రాశాడు. కాటాపూర్, మల్లూరు దగ్గర సమాధుల పక్కన చేతులు చాచినట్టున్న నిలువు రాళ్లను ఆయన శిలువలుగా చూశాడు. వాస్తు చరిత్రకారుల్లో ఆ కాలపు దిగ్గజం జేమ్స్ ఫెర్గూసన్ 1872లో అచ్చయిన తన గ్రంథంలో వాటిని క్రైస్తవ చిహ్నాలుగానే తీసుకున్నాడు. రాయి, సమాధి ఒకే కాలానివని సరిగ్గానే గ్రహించాడు. కానీ తనకు తెలిసిన శిలువ ఆకారాన్ని పట్టుకుని సమాధులకు కాలం కట్టాడు, దాంతో వాటిని క్రీస్తు తర్వాతి శతాబ్దాలకు లాక్కొచ్చాడు. ఆ రాళ్లు మనుషుల రూపాలని, ఇనుప యుగపు జనం తమ చనిపోయినవారి కోసం నిలబెట్టినవని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అలాంటి సమాధులను పద్ధతిగా తవ్వి, లోపలి కుండలనూ ఇనుమునూ పొరలవారీగా నమోదు చేశాకే ఆ సంగతి తేలింది. ఫెర్గూసన్ చూపు తక్కువవాడేం కాదు. ఆయన తడబాటుకు దిద్దుబాటు దొరికిందంటే కారణం, ఆ రాళ్లు కదపలేనంత బరువుగా ఉండి ఉన్నచోటే నిలబడి ఉండటం. జేబులో పట్టే వస్తువుకు ఆ రక్షణ లేదు.

నాణెం సంగతి వేరు, దాని మీద సంవత్సరమే ఉంటుంది కదా అనేవారికి జవాబు కాస్త వివరంగా చెప్పాలి. ఖమ్మం వైపు ఎక్కువగా దొరికేవి నిజాం నాణేలు. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి మీద 1321 అని పార్సీ అంకెల్లో ఉందనుకోండి. హిజ్రీకి 622 కలిపితే క్రీస్తు శకం వస్తుందని విన్నవాడు 1943 అని లెక్క కడతాడు. హిజ్రీది చాంద్రమాన సంవత్సరం, మన సంవత్సరం కన్నా పదకొండు రోజులు చిన్నది. అసలు లెక్క 1903-04. కూడికలోనే నలభై ఏళ్లు తేడా! అదే నాణెం మీద 92 అని ఇంకో అంకె ఉంటుంది. అది సంవత్సరమే కాదు, మహమ్మద్ ప్రవక్త పేరులోని అక్షరాల విలువలు కూడితే వచ్చే సంఖ్య. పోనీ నిజాం కాలపు దస్తావేజుతో పోల్చి చూద్దామంటే అందులో ఉండేది ఫసలీ సంవత్సరం, దానికి 590 కలపాలి. ఇంకాస్త వెనక్కి వెళితే, ఈస్టిండియా కంపెనీ షా ఆలం పేరుతో వేసిన ముర్షిదాబాద్ రూపాయల మీద ఆయన పాలనలో 19వ ఏడు అన్న ముద్రనే దశాబ్దాల తరబడి కొట్టారు. రూపాయి కొత్తది, దాని మీది సంవత్సరం పాతది. ఇవన్నీ నిజమైన నాణేల కథలు. శ్రీరామ పట్టాభిషేకం బొమ్మతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 అని వేసి అమ్మే బిళ్లలున్నాయి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. భద్రాద్రి రాముడంటే ప్రాణం పెట్టే జనానికి ఇలాంటి బిళ్లను అంటగట్టడం ఎంత తేలికో వేరే చెప్పాలా? బియ్యపు గింజలను లాగుతుందని రాగి నాణేన్ని చూపించి లక్షలు గుంజే రైస్ పుల్లింగ్ ముఠాలకు పెట్టుబడి కూడా ఇదే, ఎక్కడ దొరికిందో ఎవరికీ తెలియని పాత లోహపు ముక్క.

దొరికిన చోటు తెలిస్తే మామూలు నాణెం కూడా ఎంత చెబుతుందో చూడండి. 1860లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం బ్రిటిష్ వారికి అప్పగించాక 1948 వరకు ఇక్కడ గోదావరే సరిహద్దు. ఇటు బూర్గంపాడు ఒడ్డున నిజాం హాలీ సిక్కా చలామణీ, అటు భద్రాచలం ఒడ్డున బ్రిటిష్ కలదారు రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కలదారు రూపాయలు మారకం. బూర్గంపాడు పొలంలో దొరికిన నిజాం పైసాకు పెద్ద విశేషం లేదు. అదే పైసా భద్రాచలం రేవులో దొరికితే రేవు దాటిన యాత్రికుడో, వెదురు కలప బేరగాడో, సంతకొచ్చిన రైతో మన ముందుకు వస్తాడు. అలాంటివి పది కలిస్తే సరిహద్దు మీద డబ్బు ఎలా నడిచిందో ఒక పటమే గీయొచ్చు. నాణెం అదే, బరువు అదే, అంగట్లో ధర అదే. తేడా అంతా నదికి ఏ ఒడ్డున పడి ఉందన్నదాంట్లో ఉంది. భద్రాచలం ఆలయంలో రామదాసు చేయించినవిగా చూపే నగలను తలచుకోండి. ఏ నగకు ఎన్ని మొహరీలు పట్టాయో ఆయన తన కీర్తనలోనే లెక్క చెప్పుకున్నాడు. ఆ నగలున్న గుడి ఉంది, ఆయన కొలువు చేసిన పాల్వంచ పరగణా ఉంది, తానీషా పాలన 1672 నుంచి 1687 వరకన్న లెక్క ఉంది. ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి కనుకే ఆ నగల్లో ఒకటి చింతాకు పతకం. అదే పతకం ఊరూ పేరూ లేకుండా అడవిలో ఎవరి డిటెక్టర్‌కో తగిలి ఉంటే, ఇన్ని తులాల బంగారం అని తూకం వేసి కరిగించేవారు.

ఖమ్మం పొరుగునే ఉన్న సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024 మార్చి చివర్లో జరిగింది ఈ వాదనకు గట్టి సాక్ష్యం. బౌద్ధ క్షేత్రంలో తవ్వుతున్న పురావస్తు సిబ్బందికి రెండడుగుల లోతులో ఒక మట్టికుండ కనబడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒక్కోటి సగటున రెండు గ్రాముల పైచిలుకు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఏనుగు, ఉజ్జయిని గుర్తు శాతవాహనుల నాణేల మీదా ఉంటాయి, వారి తర్వాత వచ్చిన ఇక్ష్వాకులూ అదే పద్ధతి పట్టారు. అక్షరాలు అరిగిపోయిన ఒక్క నాణెం చేతికిస్తే ఏ వంశానిదో తేల్చడం పండితులకూ కష్టమే. కుండ ఉన్న పొర, నాణేల రకం, చుట్టూ దొరికిన మిగతా వస్తువులు అన్నీ కలిపి చూసి ఇవి ఇక్ష్వాకులవి, క్రీ.శ. 3-4 శతాబ్దాలవి అని చెప్పగలిగారు. ఇదే కుండ రాత్రిపూట డిటెక్టర్ ముఠాకు చిక్కితే ఏమయ్యేదో ఊహించడానికి కష్టపడక్కర్లేదు. కుండ పగిలేది, నాణేలు పిడికెడు పిడికెడుగా చేతులు మారేవి. కొన్నవాళ్లు మెరుపు కోసం చింతపండు పెట్టి తోమేవారు. రాగి నాణేలైతే వాటి మీది పచ్చని పొర అడుగున సన్నని గీతలు, అక్షరాల మొనలు దాగి ఉంటాయి, తోముడికి పొరతో పాటే అవీ పోతాయి. సీసానికి పులుపు ఇంకా పెద్ద గండం. చెక్క బీరువాలో దాచినా చాలు, చెక్క నుంచి వచ్చే పులుపు ఆవిరికే సీసం మెల్లగా తెల్లటి పిండిగా రాలిపోతుంది.

ఇంగ్లండులో డిటెక్టర్ పట్టుకు తిరిగేవారే చరిత్రకు సాయపడుతున్నారు కదా అన్నది వీటన్నిటిలో బలమైన అభ్యంతరం. నిజమే. 1996 నాటి వాళ్ల నిధుల చట్టం, 1997లో మొదలైన నమోదు పథకం కలిసి పది లక్షలకు పైగా వస్తువులను లెక్కలోకి తెచ్చాయి. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో బయటపడ్డ ఆంగ్లో-శాక్సన్ బంగారు నిధి డిటెక్టర్‌కు చిక్కినదే. అయితే ఆ పథకం ప్రాణం యంత్రంలో లేదు. వస్తువు తెచ్చినవాణ్ణి ఏ పొలం, ఏ మూల, ఎంత లోతు అని కూర్చోబెట్టి అడిగి రాసుకునే అధికారి ప్రతి ప్రాంతంలో ఉండటంలో ఉంది. వాళ్లు ఎక్కువగా వెతికేది శతాబ్దాలుగా నాగలి తిరగేసిన పొలాల పైమట్టిని. మన భద్రాచలం అడవిలో చాలా చోట్ల నాగలే దిగలేదు, అక్కడి పొరలు చెదరలేదు. పైగా చట్టం ఒప్పదు. రిజర్వు అడవిలో తవ్వడం నేరం. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు నిర్మాణాలు నిషేధం. వందేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం కింద పురావస్తువు, లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చేయరాదు. ఇంకో సంగతి, ఇది ప్రాణాలకు సంబంధించినది. చర్ల, దుమ్ముగూడెం దారుల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని నడిచేది బాంబ్ స్క్వాడ్ పోలీసులు, వాళ్లు వెతికేది మందుపాతరల కోసం. ఈ అడవిలో యంత్రం కూసిన చోట పార దించడమంటే ఏమిటో ఎవరైనా ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

మేం తవ్వకపోతే ట్రాక్టరు తొక్కేస్తుంది, పోలవరం ముంచేస్తుంది, లేదా గుప్తనిధుల దొంగలు నంది కింద పార దించుతారు అనేవారి బాధ నాకు అర్థమవుతుంది. వేలేరుపాడు వైపు రుద్రమ్మకోట లాంటి రాతి సమాధుల నేల ముంపు కింద ఉండటం చిన్న నష్టం కాదు. అలాంటి చోట త్వరపడి పద్ధతిగా తవ్వాలి, నమోదు చేయాలి, అందుకు ప్రభుత్వాలను నిలదీయాలి. దొంగ పోగొట్టేదాన్ని మనమే ముందు పోగొట్టడం కాపాడటం కిందికి రాదు. సర్కారుకు అప్పగిస్తే గోదాముల్లో దుమ్ముకొట్టుకుపోతాయన్న మాటలోనూ నిజం ఉంది. అయినా దొరికిన చోటు కాగితం మీదికి ఎక్కితే వస్తువు రేపు పోయినా దాని సాక్ష్యం మిగులుతుంది. జనం దాచిపెట్టడానికి అసలు కారణం భయం. పోలీసులు వస్తారు, ఉన్నదంతా పట్టుకుపోతారు, పైగా కేసు. 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం చదివితే అందులో ఉన్నది వేరు. పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. సొంతదారులెవరూ లేరని తేలి, వేరే ఒప్పందమేదీ లేకపోతే దొరికినవాడికి ముప్పాతిక వంతు, భూమి యజమానికి పావు వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. చెప్పకుండా దాస్తేనే జైలు. 1878లో పది రూపాయలంటే పెద్ద మొత్తం, ఈనాడు ఆ గీతకు అర్థం లేదు. లోహం విలువకే వెల కట్టే పద్ధతీ మారాలి. నిజాయితీగా చెప్పినవాడికి తగిన బహుమతి, నెలల తరబడి తిప్పించుకోని విచారణ, ప్రతి డివిజన్‌లో రాసుకునే మనిషి ఒకడు, ఈ మూడూ ఉంటే ఎంతో బంగారం కొలిమి పాలు కాకుండా మిగిలేది.

పాతవాటి మీద ప్రేమ ఉన్నవారికి యంత్రం లేకుండానే చేతినిండా పని ఉంది. శ్రీరామోజు హరగోపాల్ వంటివారు నడిపే కొత్త తెలంగాణ చరిత్ర బృందం సభ్యులు ఊరూరా తిరిగి శాసనాలు, విగ్రహాలు, రాతి సమాధులు ఎన్నో వెలుగులోకి తెచ్చారు. వాళ్ల పనిముట్లు కళ్లు, కెమెరా, నోటుబుక్కు. ఈ అడవి అంచున ఉన్నవారికి నా విన్నపం ఇది. మీ పొలంలో, పోడులో, ఇంటి పునాదిలో పాత వస్తువేదైనా కనబడితే దాన్ని ఉన్నచోటే ఉంచండి. పక్కన ఒక అగ్గిపెట్టెనో స్కేలునో పెట్టి ఫొటో తీయండి, ఫోనులో లొకేషన్ పట్టి ఉంచండి. చుట్టూ కుండపెంకులుంటే వాటినీ కదపకండి. తోమకండి, కడగకండి. తర్వాత తహసీల్దారుకు గానీ రాష్ట్ర వారసత్వ శాఖకు గానీ రాతపూర్వకంగా తెలిపి, రసీదు అడిగి తీసుకోండి.